ఒకే పేరు, అన్ని చోట్లా: సామాజిక మాధ్యమాలలో మన గుర్తింపు



ఈ రోజు మనం పేర్ల గురించి మాట్లాడుకుందాం. మనుషుల పేర్లు కాదు. ఒక సంస్థో, ఒక చిన్న వ్యాపారమో, మీ కళాశాల సైన్సు సంఘమో సామాజిక మాధ్యమాలలో పెట్టుకునే యూజర్‌నేమ్‌ల గురించి. సైన్సు చెప్పే మాస్టారికి ఈ విషయంతో పనేమిటని మీకు అనుమానం రావచ్చు. అందుకే ముందుగా నా అనుభవం ఒకటి చెబుతాను.

కొన్నేళ్ల క్రితం నేను పనిచేసిన ఒక కళాశాలలో విద్యార్థులు సైన్సు సంఘం పెట్టారు. ఏటా చుట్టుపక్కల ఊళ్ల బడిపిల్లల కోసం ప్రదర్శన నిర్వహించేవారు. ఆ సంఘానికి నాలుగు మాధ్యమాలలో నాలుగు ఖాతాలుండేవి. ఒకచోట కళాశాల పేరులోని పొడి అక్షరాలు, ఒకచోట సంఘం పూర్తి పేరు, ఒకచోట చివర సంవత్సరం, ఇంకోచోట ఖాతా తెరిచిన విద్యార్థి ముద్దుపేరు. ఎవరికి ఏది తోస్తే అది పెట్టారు. నేను పట్టించుకోలేదు.

ఒక ఏడాది ప్రదర్శన ఉదయం ఒక పాప తన తండ్రితో వచ్చి, ఫోనులో డబ్బు కట్టిన రసీదు చూపించింది. మా ప్రదర్శనకు అసలు రుసుమే లేదు. ఎవరో మా సంఘం పేరుతో ఖాతా తెరిచి, తలా 200 రూపాయలు వసూలు చేశారు. ఆ రోజు మొత్తం 11 మంది పిల్లలు అలా కట్టి వచ్చారని తేలింది. ఆ తండ్రి నన్ను ఒక్క మాట అడిగారు: "సార్, ఇది మీది కాదని మాకు ఎలా తెలుస్తుంది?" నా దగ్గర జవాబు లేదు. మా నాలుగు పేర్లకంటే ఆ నకిలీ పేరే అసలుదానిలా ఉంది!

డబ్బు తిరిగి ఇచ్చేశాం. కాని ఆ ప్రశ్న నాతో ఉండిపోయింది. ఈ పాఠం ఆ ప్రశ్నకు జవాబు వెతికే ప్రయత్నం.

పేరుకు ఒక పరిధి

జీవశాస్త్రం చదివినవారికి లిన్నేయస్ పేరు తెలుసు. ప్రతి జీవికి రెండు మాటల శాస్త్రీయ నామం పెట్టే పద్ధతిని ఆయన స్థిరపరిచాడు. మొక్కల పేర్లకు ఆయన 1753లో ప్రచురించిన గ్రంథం, జంతువుల పేర్లకు 1758 నాటి గ్రంథం ప్రారంభ బిందువులు. ఆ తరువాత శాస్త్రజ్ఞులు ఒక నియమానికి కట్టుబడ్డారు. ముందుగా ప్రచురించిన పేరుకే చెల్లుబాటు. ఒకే పరిధిలో ఒకే పేరు రెండు ప్రజాతులకు ఉండరాదు.

ఆస్ట్రేలియాలో గుడ్లు పెట్టి పిల్లలకు పాలిచ్చే వింత జంతువును మనం ప్లాటిపస్ అంటాం. 1799లో జార్జ్ షా దానికి ప్లాటిపస్ అనే ప్రజాతి నామమే పెట్టాడు. కాని 1793లోనే కలపను తొలిచే ఒక రకం పెంకుపురుగుకు ఆ పేరు ఇచ్చేశారు. చిన్న పురుగే కావచ్చు, ముందు వచ్చింది. కనుక జంతువుకు వేరే పేరు వెతకవలసి వచ్చింది. 1800లో బ్లూమెన్‌బాక్ ఇచ్చిన ఆర్నితోరింకస్ అనే పేరు స్థిరపడింది. "ఆ యూజర్‌నేమ్ ఇప్పటికే వేరొకరు తీసుకున్నారు" అని ఫోను తెర మీద కనిపించే వాక్యం ఉంది చూశారూ, అది ప్లాటిపస్‌కు రెండు వందల ఏళ్ల క్రితమే ఎదురైంది.

ఇంకొక విశేషం చూడండి. పట్టుపురుగులకు మేతగా వేసే మల్బరీ మొక్క ప్రజాతి పేరు మోరస్. సముద్రంలోకి దూకి చేపలు పట్టే గానెట్ అనే పక్షి ప్రజాతి పేరు కూడా మోరస్! ఇది తప్పు కాదు. మొక్కల పేర్ల నియమావళి వేరు, జంతువుల పేర్ల నియమావళి వేరు. ఒక పరిధిలో పేరు ఒక్కటే ఉండాలి గాని, రెండు పరిధుల మధ్య ఆ నిర్బంధం లేదు.

సామాజిక మాధ్యమాలలో జరుగుతున్నది సరిగ్గా ఇదే. ఇన్‌స్టాగ్రామ్ ఒక పరిధి, యూట్యూబ్ ఒక పరిధి, ఎక్స్ ఒక పరిధి, ఫేస్‌బుక్ ఒక పరిధి. ఒక్కొక్క దాని లోపల పేరు ఒక్కరికే. కాని ఈ నాలుగింటికీ కలిపి ఉమ్మడి పుస్తకం ఎవరూ రాయడం లేదు. ఒకచోట మల్బరీ మీరైతే, ఇంకోచోట ఆ పేరుతో పక్షి ఉండవచ్చు. అన్ని చోట్లా ఒకే పేరు ఉండేలా చూసుకునే బాధ్యత పూర్తిగా మనదే.

సమితుల పాఠం ఇక్కడ పనికివస్తుంది

ఇప్పుడు నోటుపుస్తకం తీసుకోండి. ఒక్కొక్క మాధ్యమం ఎలాంటి పేరును అనుమతిస్తుందో రాసుకుందాం.

ఎక్స్‌లో, అంటే 2023 జూలై వరకు ట్విటర్ అని పిలిచిన దానిలో, పేరు 15 అక్షరాలు మించరాదు. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ అనే కింది గీత మాత్రమే వాడవచ్చు. ఇన్‌స్టాగ్రామ్‌లో 30 వరకు వెళ్లవచ్చు. అక్షరాలు, అంకెలు, కింది గీతతోపాటు చుక్క కూడా పెట్టవచ్చు. ఫేస్‌బుక్‌లో కనీసం 5 అక్షరాలు ఉండాలి. చుక్కకు అనుమతి ఉంది, కింది గీతకు లేదు. పైగా ఫేస్‌బుక్ చుక్కలను లెక్కలోకి తీసుకోదు. చుక్క పెట్టినా పెట్టకపోయినా అక్కడ అది ఒకే పేరు. ఇన్‌స్టాగ్రామ్‌లో మాత్రం చుక్క ఉన్న పేరు వేరు, లేని పేరు వేరు. యూట్యూబ్ 2022లో ఎట్ గుర్తుతో మొదలయ్యే పేర్లు ప్రవేశపెట్టింది. సాధారణంగా వాటికి 3 నుంచి 30 అక్షరాలు.

ఇప్పుడు ఈ నాలుగు సమితుల ఛేదనం కనుక్కోండి. నాలుగింటిలోనూ చెల్లే పేరు ఎలా ఉండాలి? 5 కంటే తక్కువ కాకూడదు, 15 కంటే ఎక్కువ కాకూడదు. ఇంగ్లీషు అక్షరాలు, అవసరమైతే అంకెలు. చుక్క వద్దు, కింది గీత వద్దు. ఇంతే! పేరు పెట్టడానికి కూర్చునే ముందు ఈ ఒక్క వాక్యం గుర్తుంటే సగం చిక్కులు తప్పుతాయి.

అయితే పేర్లకు కొరత వస్తుందా? లెక్క వేద్దాం. ఎక్స్‌లో వాడదగిన గుర్తులు 26 అక్షరాలు, 10 అంకెలు, ఒక కింది గీత, వెరసి 37. సరిగ్గా 15 స్థానాలున్న పేర్లు 37 ఘాతం 15. ఇది సుమారు 3.3 × 10²³. రసాయనశాస్త్రంలో మీరు చదివిన అవొగాడ్రో సంఖ్య 6.022 × 10²³ కదా. అంటే అందులో సగానికి మించి పేర్లున్నాయన్నమాట. భూమి మీది మనుషులందరికీ కోట్లకు కోట్ల చొప్పున పంచినా తరగవు.

కాని వాటిలో అత్యధిక భాగం ఎవరూ పలకలేని అక్షరాల గుంపులు. పలకడానికి వీలైనవి, గుర్తుండేవి, అర్థం ఉన్నవి బహు కొద్ది. నాలుగు ఇంగ్లీషు అక్షరాలతో మొత్తం 4,56,976 పేర్లే సాధ్యం. కొరత పేర్లకు కాదు, మంచి పేర్లకు. అందుకే ముందుచూపు కావాలి.

తెలుగు పేరుకు ఇంగ్లీషు వేషం

తెలుగువారికి ఇంకొక ప్రత్యేకమైన చిక్కు ఉంది. మన పేరును మనం తెలుగులో ఒకే విధంగా రాస్తాం. ఇంగ్లీషు అక్షరాలలోకి వచ్చేసరికి ఒక్కొక్కరు ఒక్కో తీరు.

ఉదాహరణకు, ఒక ఊళ్లో మహిళలు కలిసి పచ్చళ్లు తయారుచేసి "శ్రీలక్ష్మి" అనే పేరుతో అమ్మాలనుకున్నారని ఊహించండి. శ్రీ రాసేటప్పుడు ఎస్ తరువాత హెచ్ పెట్టవచ్చు, మానవచ్చు. చివర ఒక ఐ పెట్టవచ్చు, లేదా రెండు ఈలు పెట్టవచ్చు. లక్ష్మి మధ్యలో కె, ఎస్, హెచ్ రాయవచ్చు, లేదా ఒక్క ఎక్స్‌తో సరిపెట్టవచ్చు. దాని చివర కూడా ఐ లేదా రెండు ఈలు. రెండు మాటల మధ్య కింది గీత పెట్టవచ్చు, మానవచ్చు. ఐదు చోట్ల రెండేసి అవకాశాలు. రెండు ఘాతం ఐదు, అంటే 32 పేర్లు!

కొనేవారికి మీ పేరు చెవిన పడుతుంది. వారు ఫోనులో ఈ 32లో ఏదో ఒకటి కొడతారు. మీరు ఒక్కదానిలో ఉంటారు. మిగతా 31 ద్వారాలు తెరిచే ఉంటాయి. మోసగాడు వాటిలో ఒకదాని దగ్గర కూర్చుంటే చాలు.

కనుక పేరు ఎంచుకునేటప్పుడు ఒక చిన్న ప్రయోగం చేయండి. ఆ పేరును పదిమంది స్నేహితులకు నోటితో చెప్పి, ఇంగ్లీషు అక్షరాలలో రాయమనండి. పదిమందిలో ఎనిమిది మంది ఒకే తీరుగా రాస్తే అది పనికివచ్చే పేరు. ఐదు రకాలుగా రాస్తే ఇంకొకటి వెతకండి. అమెరికాలో జార్జ్ ఈస్ట్‌మన్ 1888లో తన కెమెరాకు కొడాక్ అనే అర్థం లేని కొత్త మాటను కల్పించాడు. పొట్టిది, తప్పుగా రాయడం కష్టం, ఇంకెవరికీ లేనిది. ఇంటర్‌నెట్ పుట్టకముందే పెట్టిన ఆ పేరులో నేటి యూజర్‌నేమ్‌కు కావలసిన లక్షణాలన్నీ ఉన్నాయి.

అంకెలతోనూ జాగ్రత్త. సున్నా, ఓ అక్షరం ఒకేలా కనిపిస్తాయి. ఒకటి అంకె, చిన్న ఎల్, పెద్ద ఐ కూడా అంతే. చివర సంవత్సరం తగిలిస్తే వచ్చే ఏటికి అది పాతబడుతుంది.

ముందు వచ్చినవారు యజమానులా?

ఇప్పుడు ముఖ్యమైన విషయానికి వద్దాం. ఒక పేరుతో ఖాతా తెరిచాం. ఆ పేరు మన సొంతమైనట్టేనా? కాదు. ఖాతా పేరు మన ఆస్తి కాదు. ఆ కంపెనీ షరతులకు లోబడి మనకు ఇచ్చిన వాడుక హక్కు మాత్రమే.

2023 జూలైలో ట్విటర్ పేరు ఎక్స్‌గా మారింది. అప్పటికే ఎక్స్ అనే ఒక్క అక్షరం పేరును ఒక అమెరికన్ ఫొటోగ్రాఫర్ 2007 నుంచి వాడుకుంటున్నారు. కంపెనీ ఆ పేరు తీసేసుకుంది. డబ్బేమీ ఇవ్వలేదు. పదహారేళ్లు వాడుకున్నా ఆ పేరు నిలవలేదు.

మరి హక్కు ఎక్కడ ఉంటుంది? చట్టంలో. మన దేశంలో 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం 2003 సెప్టెంబరు 15 నుంచి అమలులోకి వచ్చింది. ఇంటర్‌నెట్ పేర్ల విషయంలో సుప్రీంకోర్టు 2004లో ఇచ్చిన తీర్పు మీరు తెలుసుకోదగింది. సత్యం ఇన్ఫోవే అనే సంస్థ తన పేరులోని అక్షరాలతో సిఫీ అనే మాటను కల్పించుకుని డొమైన్ పేర్లు నమోదు చేసుకుంది. తరువాత ఇంకొక సంస్థ దాదాపు అలాగే వినిపించే సిఫీనెట్ పేరుతో వచ్చింది. ఒక ఎఫ్ అక్షరమే ఎక్కువ. డొమైన్ పేరు కేవలం చిరునామా కాదనీ, అది వ్యాపార గుర్తింపు కూడా కనుక దానికి ట్రేడ్‌మార్కు వంటి రక్షణ ఉంటుందనీ కోర్టు నిర్ణయించింది. సత్యం ఇన్ఫోవే పక్షాన తీర్పు చెప్పింది.

ట్రేడ్‌మార్కు నమోదు పెద్ద కంపెనీలకే అనుకోకండి. వస్తువులను, సేవలను 45 తరగతులుగా విభజించారు. పచ్చళ్లు 29వ తరగతిలోకి, మసాలాలు 30వ తరగతిలోకి వస్తాయి. 2017 నిబంధనల ప్రకారం వ్యక్తులు, స్టార్టప్‌లు, చిన్న సంస్థలు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తే తరగతికి 4,500 రూపాయల రుసుము. నమోదు పదేళ్లు చెల్లుతుంది, మళ్లీ పొడిగించుకోవచ్చు. ముందుగా ఆ పేరు ఇప్పటికే ఎవరికైనా ఉందా అని ట్రేడ్‌మార్కుల రిజిస్ట్రీ వెబ్‌సైటులో వెతుక్కోవచ్చు. పైన చెప్పుకున్న శ్రీలక్ష్మి వంటి దేవతల పేర్లు వేలమంది వాడుతుంటారు కనుక వాటి మీద ఒకరికే హక్కు దొరకడం కష్టం. ఎంత ప్రత్యేకమైన పేరైతే అంత గట్టి రక్షణ.

పని చేసే క్రమం

పేరు ఎంచుకున్న తరువాత ఏం చేయాలి? క్రమంగా చెబుతాను.

మొదటిది, ప్రకటించకముందే వెతకండి. ట్రేడ్‌మార్కులలో, డొమైన్ పేర్లలో, మీరు ఉండదలచిన మాధ్యమాలన్నిటిలో అదే పేరు ఖాళీగా ఉందో లేదో పట్టిక వేసుకోండి. ఒక్కచోట లేకపోయినా ఇంకొక పేరు ఆలోచించడం మేలు.

రెండవది, అన్నిటినీ ఒకే రోజున తీసుకోండి. ఇప్పుడు వాడకపోయినా ముఖ్యమైన మాధ్యమాలలో ఖాతా తెరిచి, మీ అసలు చిరునామా రాసి ఉంచండి. అయితే మనకు పనిలేని పేర్లను అమ్ముకోవడానికి పోగుచేయడం తప్పు. మాధ్యమాల నియమాలు కూడా దానిని నిషేధిస్తాయి.

మూడవది, సొంత డొమైన్ పేరు తీసుకోండి. మన దేశపు డాట్ ఇన్ పేర్లను 2005 నుంచి అందరికీ విరివిగా ఇస్తున్నారు. సొంత వెబ్‌సైటులో మీ ఖాతాలన్నిటి పేర్లూ రాయండి. ప్రతి ఖాతాలో ఆ వెబ్‌సైటు పేరు రాయండి. ఇలా ఒకదానికొకటి సాక్ష్యం చెప్పే ఏర్పాటు నకిలీవాడు చేయలేడు. అతడు తన ఖాతాలో మీ వెబ్‌సైటు పేరు రాయగలడు గాని, మీ వెబ్‌సైటులో తన ఖాతా పేరు రాయలేడు.

నాలుగవది, ఖాతా వ్యక్తి మీద కాక సంస్థ మీద ఉండాలి. సంస్థ ఈమెయిలుతో తెరవండి. పాస్‌వర్డుతోపాటు రెండవ అంచె తనిఖీ పెట్టుకోండి. ఏ ఖాతా, ఏ ఈమెయిలు, ఏ ఫోను నంబరు అనేది ఒక రిజిస్టరులో రాసి బీరువాలో ఉంచండి. మా సంఘం ఖాతాలలో ఒకటి తెరిచిన విద్యార్థి చదువు ముగించి వెళ్లిపోయాడు. అతని పాత ఫోను నంబరు కూడా పోయింది. ఆ ఖాతా మాకు మళ్లీ దక్కలేదు.

కోరుకున్న పేరు ముందే పోయిందా? అప్పుడు ఒకచోట ఒక తోక, ఇంకోచోట ఇంకొక తోక తగిలించవద్దు. ఊరి పేరో, చేసే పని పేరో ఒక్కటే ఎంచుకుని, దానినే అన్ని చోట్లా చేర్చండి. మొత్తం 15 అక్షరాలు దాటకుండా చూసుకోండి.

ఒక్క అక్షరం

ఇదంతా ఒక్క అక్షరం కోసం ఇంత హడావిడా అనిపించవచ్చు. 2020 మార్చిలో కరోనా సహాయం కోసం పీఎం కేర్స్ నిధి ఏర్పడింది. చందాలు పంపడానికి ఇచ్చిన యూపీఐ చిరునామాను పోలిన నకిలీ చిరునామా వెంటనే పుట్టుకొచ్చింది. రెండింటికీ తేడా కేర్స్ చివర ఉన్న ఎస్ ఒక్కటే! ప్రభుత్వం, పోలీసులు ప్రజలను హెచ్చరించవలసి వచ్చింది. యూపీఐ చిరునామా వేరు, సామాజిక మాధ్యమంలో పేరు వేరు. కాని రెండింటిలోనూ మనిషి కన్ను పడే పొరపాటు ఒక్కటే. మనం అక్షరాలు చదవం, మాట ఆకారాన్ని చూసి వెళ్లిపోతాం.

పేరు పక్కన నీలి టిక్కు ఉంది కదా అని ఊరుకోవద్దు. ఎక్స్‌లో పాత పద్ధతి టిక్కులను 2023 ఏప్రిల్‌లో తీసేశారు. ఆ తరువాత నీలి టిక్కు నెలనెలా డబ్బు కట్టేవారికి లభించేదిగా మారింది.

బ్యాంకుల విషయంలో మన దేశం ఇంకొక మార్గం తీసుకుంది. బ్యాంకులన్నీ తమ వెబ్‌సైట్లను డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అనే ప్రత్యేక పరిధిలోకి 2025 అక్టోబరు 31 లోగా మార్చాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఆ పేర్లను నమోదు చేసే బాధ్యత హైదరాబాదులోని ఐడీఆర్‌బీటీ సంస్థకు అప్పగించారు. బ్యాంకు కానివారికి ఆ పరిధిలో పేరు దొరకదు. కాని మీ సైన్సు సంఘానికో, మీ అమ్మగారి పచ్చళ్ల వ్యాపారానికో అలాంటి కాపలాదారు లేడు. ఆ కాపలా మీరే కాయాలి.

ఎవరైనా మీ పేరుతో మోసం చేస్తే ముందుగా తెర మీది బొమ్మలను భద్రపరచండి. ఆ మాధ్యమానికి ఫిర్యాదు చేయండి. డబ్బు పోయినట్లయితే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోను చేయండి. కంప్యూటరు సాధనాలతో వేరొకరిలా నటించి మోసగించడం ఐటీ చట్టం 66డి సెక్షను కింద నేరం. మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉండవచ్చు.

చివరగా ఇంటిపని. మీ కళాశాలకో, మీ ఇంట్లోవారి వ్యాపారానికో ఉన్న ఖాతాలన్నిటి పేర్లూ ఒక కాగితం మీద రాయండి. అవి ఒకేలా ఉన్నాయా? వాటి తాళాలు ఎవరి దగ్గర ఉన్నాయి? ఆ పేరును ఇంకా ఎన్ని రకాలుగా రాయవచ్చు? లెక్క వేసి మీ అధ్యాపకులకు చూపించండి.

ఆ ఏడాది తరువాత మా విద్యార్థులు సంఘానికి 11 అక్షరాల పేరు ఒకటి ఎంచుకున్నారు. అన్ని మాధ్యమాలలోనూ అదే పెట్టారు. పిల్లలకు పంచే కరపత్రం మీద, బడుల గోడల మీద అంటించే కాగితం మీద ఆ ఒక్క పేరే పెద్ద అక్షరాలతో అచ్చువేశారు. దాని కింద ఒక వాక్యం: "ఈ పేరు కాకపోతే అది మేము కాదు. ప్రవేశం ఉచితం."

ఆ తండ్రి అడిగిన ప్రశ్నకు మేము ఇవ్వగలిగిన జవాబు అదే. కాస్త ఆలస్యంగా ఇచ్చాం. మీరు ముందుగానే ఇవ్వండి.